ఆవులింతల వాయా

నాకు దిష్టి తీసిన రోజున వాయా పద్నాలుగు సార్లు ఆవులించింది. అప్పటికి మా ఊళ్ళో అంత లెక్క ఇంకెవరికీ లేదు. ఆ సంగతి నా దుకాణానికి వచ్చిన ప్రతి మనిషికీ ఎంత గొప్పగా చెప్పుకున్నానో తలచుకుంటే ఇప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది.

మా వైపు దిష్టి తీసే పద్ధతి ఇది. గిన్నెలో నీళ్ళు పోసి, వేలికొసతో నూనె చుక్క వదిలి, పెదాలు మాత్రం కదిలేలా ప్రార్థన చదువుతారు. చుక్క గుండ్రంగా నిలిస్తే ఏమీ లేనట్టు, విచ్చుకుపోతే దిష్టి తగిలినట్టు. చదివే మనిషికి ఆవులింత వస్తే ఆ దిష్టి మన ఒంట్లోంచి దిగి ఆ మనిషి నోట్లోంచి బయటికి పోతోందని అర్థం. ఎంత పెద్ద ఆవులింతో అంత పెద్ద దిష్టి. దానికి తోడు కళ్ళ నీళ్ళు కూడా కారాయంటే ఎవరో కడుపుమంటతో కళ్ళప్పగించి చూశారన్నమాటే. మనల్ని చూసి అంతగా కుళ్ళుకున్నారంటే మన దగ్గర ఏదో ఉన్నట్టేగా! అందుకే మేము ఆవులింతలు లెక్కపెట్టుకునేవాళ్ళం.

నా పేరు థోమై. గ్రీసు దేశంలో కర్దిత్సా పట్నానికి పావుగంట దూరంలో, చుట్టూ పత్తి చేలున్న ఊళ్ళో ఇరవై రెండేళ్ళుగా ఆడవాళ్ళ జుట్టు కత్తిరిస్తున్నాను, రంగేస్తున్నాను. నాకు నోరు ఎక్కువ, ఓపిక తక్కువ. ఈ రెండూ ఊరందరికీ తెలుసు కాబట్టి దాచేదేమీ లేదు.

వాయా నాకంటే నాలుగేళ్ళు పెద్దది, మా ఇంటికి ఐదిళ్ళ అవతల ఉంటుంది. కుట్టుపని చేసేది. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, పెళ్ళికి ముందు రోజు లావైపోయిన పెళ్ళికూతుళ్ళ గౌన్లు వదులు చేయడం. భర్త స్తెర్యోస్ ట్రాక్టరు తోలి పత్తి మిల్లుకు చేరవేస్తాడు. మంచివాడు, అరుస్తాడు తప్ప కరవడు. ఒక్క కూతురు, పక్క ఊరు సోఫాదెస్‌లో కాపురం, ఇద్దరు ఆడపిల్లలు. వాయాకి కష్టమేముందని అడిగితే ఊళ్ళో ఒక్కరు కూడా ఒక్క కష్టం పేరు చెప్పలేరు. ఆ తర్వాత ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగినా మేమెవరం చెప్పలేకపోయాం.

దిష్టి ప్రార్థన ఆమెకు తాత నేర్పాడు. మగవాళ్ళు ఆడవాళ్ళకి, ఆడవాళ్ళు మగవాళ్ళకి మాత్రమే నేర్పాలి, లేకపోతే దాని బలం పోతుంది. గొర్రెలు కాచుకునే ఆ ముసలాయన పదహారేళ్ళ మనవరాలిని ఈస్టరు ముందు వచ్చే పెద్ద గురువారం నాడు పాక వెనక్కి తీసుకెళ్ళి చెవిలో చెప్పాడట. ఇంకో నియమం కూడా ఉంది. తీసినందుకు ఏమీ ఇవ్వకూడదు, మంచి మాట కూడా చెప్పకూడదు. గిన్నె పక్కన పెట్టగానే లేచి, నోరు విప్పకుండా వెళ్ళిపోవాలి. రెండేళ్ళపాటు వందలమంది ఆ ఇంట్లోంచి నోరు విప్పకుండా వెళ్ళిపోయారు. ఆ వందలమందిలో నేనూ ఉన్నాను.

అంతకుముందు వాయా అందరిలాగే ఒకటో రెండో ఆవులించేది. రెండేళ్ళ కిందటి చలికాలంలో అది పెరగడం మొదలైంది. మొదట లాంబ్రిని పిన్ని చెప్పింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, కర్ర పొడుచుకుంటూ నా దుకాణంలోకి వచ్చి కుర్చీలో కూలబడి, "తొమ్మిదే! ఒకటి కాదు, రెండు కాదు, తొమ్మిది! పాపం దాని దవడ ఊడొస్తుందేమో అనుకున్నా. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. నా మీద ఎవరికే అంత కుళ్ళు?" అని మురిసిపోయింది. మర్నాటి నుంచి వాయా గుమ్మం ముందు కార్లు ఆగడం మొదలైంది. సోఫాదెస్ నుంచి, పాలమాస్ నుంచి వచ్చారు. రాలేనివాళ్ళు ఫోను చేశారు, ఫోనులో కూడా పనిచేస్తుంది కదా. ఒకావిడ జర్మనీలోని స్టుట్‌గార్ట్ నుంచి చేసి తన కోడలికి తీయించింది, కోడలికి తెలియకుండా.

బడి బస్సు తోలే అసిమీనాకి మాత్రం మూడే వచ్చాయి. ఆవిడ మూడు నెలలు మొహం మాడ్చుకుంది. "కొత్త వంటగది కట్టించుకున్నాను, రాయి ఇటలీ నుంచి తెప్పించాను. ఊళ్ళో ఒక్క ముండకీ కుళ్ళు పుట్టలేదా? ఈ వాయా మొహం చూసి ఆవులిస్తోంది, చెబుతున్నా వినండి!" అనేది. మేము నవ్వేవాళ్ళం. ఆ కోపంలో సగం నిజం ఉందని మాకెవరికీ తోచలేదు.

ఈలోగా వాయా చిక్కిపోయింది. మెడ కింద ఎముకలు తేలాయి. ఒకసారి ఫాదరు గారి నల్ల అంగీకి కుడి చెయ్యి లోపలి వైపు తిప్పి కుట్టేసింది. ఆయన ఆదివారం పూజలో చెయ్యెత్తి దీవించబోతే గుడ్డలోంచి చెయ్యి బయటికి రాలేదు. ఊరు పగలబడి నవ్వింది. మాట మధ్యలో మర్చిపోయేది, పొయ్యి మీద గిన్నె మాడ్చేది. మేము దానికీ ఒక కారణం వెతుక్కున్నాం. అందరి దిష్టీ తీసి తీసి ఆమె మీదే పేరుకుపోతోంది, అందుకే అలా అయిపోయింది పాపం, అనుకున్నాం. పైగా గౌరవం పెరిగింది. మనకోసం కరిగిపోతోందని చెప్పుకున్నాం. దిష్టి తీసేవాళ్ళు తమకు తాము తీసుకోకూడదు. స్తెర్యోస్‌కి నేర్పి వాడితో తీయించుకోమని లాంబ్రిని పిన్ని సలహా ఇచ్చింది. వాయా అడిగితే అతను, "నూనె గిన్నె పట్టుకుని కూర్చోడానికి నేనేమైనా ముసలమ్మనా?" అన్నాడట.

ఇక ఆ శుక్రవారం సంగతి చెప్పాలి. నవంబరు, పత్తి చివరి కోత. ఆదివారం వాయా రెండో మనవరాలి బాప్తిస్మం. మొదటి పిల్లకి నాన్నమ్మ పేరు పెట్టారు కాబట్టి ఈ పిల్లకి అమ్మమ్మ పేరు, వాయా. ఊరంతా పిలుపులు అందాయి కాబట్టి నా దుకాణం నిండిపోయింది. అసిమీనా జుట్టుకి రంగు పూసి వెండి కాగితాలు చుట్టాను. బేకరీ మోర్ఫో తల కడిగే తొట్టిలోకి తల వాల్చి పడుకుంది. లాంబ్రిని పిన్ని జుట్టు ఉంగరాలు తిరగడానికి తలనిండా రోలర్లతో కూర్చుని బిస్కెట్ కాఫీలో ముంచుకుంటోంది.

"ఆదివారం చూస్తారుగా," అంది అసిమీనా. "మనవరాలిని ఎత్తుకుని ఫోటోలో కూడా ఆవులిస్తుంది. అంతా నాటకం."

"నోర్ముయ్యవే, కళ్ళు పోతాయి," అంది లాంబ్రిని పిన్ని.

"నాటకమో కాదో ఇప్పుడే తేలుద్దాం. థోమై, ఫ్లోరాకి తీయించు."

ఫ్లోరా అంటే నేను పని నేర్చుకునేటప్పుడు కొన్న ప్లాస్టిక్ తల. పసుపు రంగు జుట్టు, నీలం కళ్ళు, ఒక చెవి విరిగింది. బీరువా మీద పెట్టి ఉంచాను. మోర్ఫో తొట్టిలోంచే కిలకిలా నవ్వింది. ఆ ఆట మొదలెట్టింది అసిమీనా అని చెప్పి తప్పించుకోగలను, కానీ ఫోను తీసింది నేను. స్పీకరు పెట్టింది కూడా నేనే.

"వాయా, లారిసా నుంచి మా చుట్టాలమ్మాయి వచ్చిందే. తల పగిలిపోతోందని ఏడుస్తోంది. కాస్త చదువుతావా?"

"బాప్తిస్మం పేరేంటి?"

"ఫ్లోరా."

"ఉండు, గిన్నె తెచ్చుకుంటా."

అసిమీనా తువ్వాలు నోట్లో కుక్కుకుంది. కుళాయి చప్పుడు, కుర్చీ జరిగిన చప్పుడు, కాసేపు ఏమీ లేదు. తర్వాత మొదటి ఆవులింత వినిపించింది. నేను వేళ్ళు మడవడం మొదలెట్టాను. ఐదు. ఎనిమిది. పన్నెండు దాటేసరికి మోర్ఫో తొట్టిలోంచి లేచి కూర్చుంది, జుట్టు నీళ్ళు వీపు మీద కారుతున్నాయి. పదిహేను దగ్గర అసిమీనా నా వైపు వేలు చూపించి, "నీ లెక్కని ప్లాస్టిక్ తల దాటేసిందే!" అని గొంతు లేకుండా పెదాలతో అంది. మేము పొట్టలు పట్టుకున్నాం.

పంతొమ్మిది దగ్గర నవ్వు ఆగింది. ఎందుకంటే అది ఆవులింతలా లేదు. ఆవులింతగా మొదలై ఏడుపుగా తేలింది.

"థోమై," అంది వాయా. "ఆ పిల్ల పక్కనే ఉందా? ఫోను దాని చేతికివ్వు."

అప్పుడైనా నిజం చెప్పి ఉండాల్సింది. నేను మాత్రం, "మాట్లాడలేనంటోంది, వింటుందట, చెప్పు," అన్నాను. అంతటితో ఆగకుండా ఫోను తీసుకెళ్ళి ఆ బొమ్మ చెవి దగ్గర పెట్టాను. అలా ఎందుకు చేశానో ఈ రోజుకీ నాకు తెలియదు.

"ఫ్లోరా," అంది వాయా, "నువ్వెవరో నాకు తెలీదు, నేనెవరో నీకు తెలీదు, అందుకే అడుగుతున్నా తల్లీ. రాత్రిళ్ళు నిద్ర పడుతోందా? మూడింటికల్లా మెలకువొచ్చేసి, ఇక తెల్లారేదాకా పైకప్పు చూస్తూ పడుకుంటున్నావా? అలాగైతే అది దిష్టి కాదమ్మా. నూనెకి పోదు. నేను చూశాగా. నాకు రెండేళ్ళయింది. ముందు ఒక్క నిద్రే పోయింది. సర్లే, వయసు అనుకున్నా. తర్వాత తిండికి రుచి పోయింది. తర్వాత మనుషులు కూడా పోయారు. ఎదురుగానే ఉంటారు, నా కూతురు, దాని పిల్లలు. ఎత్తుకుంటే దిండు ఎత్తుకున్నట్టుంటుంది. ఏమీ అనిపించదు. అందరూ నా ఆవులింతలు చూసి సిలువ గీసుకుంటున్నారు. నిద్రమ్మా అది! నాకు నిద్రొస్తోంది, పట్టట్లేదు, అంతే. కళ్ళ నీళ్ళు దిష్టికి కాదు, నాకే ఏడుపొస్తోంది. నూనె గిన్నె ముందైతే ఏడ్చినా ఎవరూ ఏమీ అడగరు."

ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది.

"నువ్వు చిన్నదానివి, ఎవరికైనా చెప్పుకో. డాక్టరు దగ్గరికెళ్ళు. సిగ్గుపడకు. నాకైతే టైము దాటిపోయింది. నన్నేమైనా అడగాలనుకుంటే ఆదివారం లోపల ఫోను చెయ్యి. తర్వాత నేనుండను. ఆదివారం నా పేరు పసిదానికి ఇచ్చేస్తున్నాం. ఒక ఊరికి ఒక వాయా చాల్లే. తల నొప్పి తగ్గుతుంది, పడుకో తల్లీ."

ఫోను పెట్టేసింది.

లాంబ్రిని పిన్ని కప్పులో బిస్కెట్ విరిగి మునిగిపోయింది. అసిమీనా మొహం ఆమె తలకి చుట్టిన కాగితాల కంటే తెల్లగా ఉంది. "తర్వాత ఉండనంటుందేంటి?" అంది మోర్ఫో. "ఎక్కడికెళ్తుంది? ఊరెళ్తుందా?" మోర్ఫోకి కూడా తెలుసు, తెలిసే అడిగింది. నేను వీధిలోకి పరిగెత్తాను, మెడలో దువ్వెనలు కుక్కిన ఏప్రన్‌తోనే.

వాయా ఇంటి తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది. మిషను ముందు కూర్చుని ఉంది, వేలికి సూది గుచ్చుకోకుండా తొడుక్కునే అంగుస్తానా, ఒళ్ళో ఎవరిదో ప్యాంటు. బల్ల మీద కుట్టడం పూర్తయిన బట్టలన్నీ మడతపెట్టి ఉన్నాయి, ఒక్కోదానికి ఎవరి పేరు వాళ్ళది చీటీ రాసి గుండుసూది గుచ్చింది. నా పాత కోటు కూడా ఉంది. ఏడాది కిందట ఇచ్చాను, అడగడం మానేశాను. వంటగదిలో మూతపెట్టిన డబ్బాలు వరసగా పేర్చి ఉన్నాయి, మూతల మీద సోమవారం, మంగళవారం, బుధవారం అని స్తెర్యోస్ చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో రాసి ఉంది. గోడకి పసిదాని తెల్ల గౌను వేలాడుతోంది.

"ఆ పిల్లని తీసుకురాలేదేం?" అంది వాయా. "ఎలా ఉంది?"

"లే వాయా. ఆసుపత్రికి వెళ్దాం."

"అంత ఎక్కువగా ఉందా దానికి?"

"దానికి కాదే, నీకు!"

చేతిలో ప్యాంటు పక్కన పెట్టింది. "విన్నావా? నీకు కాదే చెప్పింది. ఆ పిల్లకి." ప్యాంటుకి సూది గుచ్చి పెట్టింది. "ఆ పిల్ల వెళ్తుందా డాక్టరు దగ్గరికి? అదొస్తే నేనూ తోడొస్తా. ఒక్కతీ భయపడుతుంది."

ఇక దాచి లాభం లేదనిపించింది. అబద్ధం మీద ఎక్కించుకుని తీసుకెళ్ళినా దారిలో ఎక్కడో బయటపడుతుంది. "ఫ్లోరా లేదు వాయా," అన్నాను. "బీరువా మీద ఉంటుంది చూడు, బొమ్మ తల. అది. నిన్ను ఆటపట్టిద్దామని చేశాం. నేనే చేశాను."

చెంప మీద కొడుతుందనుకున్నాను, కొట్టినా పడేదాన్ని. వాయా నా వైపు అలా చూస్తూనే ఉంది.

"బొమ్మకి దిష్టి తీశానా?"

"తీశావ్."

"ఎన్నొచ్చాయి?"

"పంతొమ్మిది."

పెదవి ఒక మూల వణికింది. అది నవ్వో ఏడుపో నేను చెప్పలేను. "ఇంకెవరున్నారు అక్కడ?"

"అసిమీనా, మోర్ఫో, లాంబ్రిని పిన్ని."

"నవ్వారా?"

"ముందు నవ్వాం."

"తర్వాత?"

"తర్వాతేంటో కిటికీలోంచి చూడు," అన్నాను. నిజానికి బయట ఏముందో నాకూ తెలియదు. వెనక అడుగుల చప్పుడు విన్నాను, అంతే.

ఇద్దరం చూశాం. గేటు ముందు బడి బస్సు ఆగి ఉంది. తలుపు దగ్గర అసిమీనా తలంతా వెండి కాగితాలతో, మెడ మీదికి రంగు కారుతూ నించుంది. మోర్ఫో తడి జుట్టుకి నా తువ్వాలు చుట్టుకుని చలికి గజగజ వణుకుతోంది. లాంబ్రిని పిన్ని రోలర్లతోనే మెట్టు మీద కూర్చుని పెద్దగా ఏడుస్తోంది, దారినపోయేవాళ్ళు చూస్తున్నా ఆపలేదు.

"ఈ అవతారాలేంటే?" అంది వాయా. "ఇంటికెళ్ళమను, ఊరు నవ్వుతుంది."

"నువ్వు బస్సెక్కేదాకా వాళ్ళు కదలరు. చలికి ఆ ముసలామెకి ఏమైనా అయితే నీదే పూచీ."

అంగుస్తానా తీసి మిషను మీద పెట్టింది. పొయ్యి ఆపిందో లేదో చూసి వచ్చింది. ముప్పైమంది పిల్లలు కూర్చునే బస్సులో మేము ఐదుగురం కర్దిత్సా వెళ్ళాం, లాంబ్రిని పిన్ని దారి పొడుగునా వాయా చెయ్యి వదల్లేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నా కూతురి వయసుది. మా అవతారాలు చూసి ఒక్క క్షణం ఆగింది. స్తెర్యోస్ మిల్లు నుంచి ట్రాక్టరు మీదే వచ్చేశాడు, ఒంటి నిండా పత్తి పింజెలు. వాయా నన్ను చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది కాబట్టి అక్కడ జరిగినదంతా విన్నాను.

"నిద్ర లేకపోవడమేంటి డాక్టరమ్మా?" అన్నాడు స్తెర్యోస్. "పొద్దస్తమానం ఆవులిస్తూనే ఉంటుంది. పది కొట్టేసరికి పడుకుంటుంది, నా పక్కనే."

"మూడింటికి లేచి ఉంటుందా?"

"మూడింటికి నాకెలా తెలుస్తుంది, నేను నిద్రపో..." అని ఆగిపోయాడు. తన నోట్లోంచి వచ్చిన మాట తనే విన్నాడు. నెత్తి మీద టోపీ తీసి రెండు చేతులా పట్టుకున్నాడు, మళ్ళీ పెట్టుకోలేదు.

వాయా, "ఇదంతా ఎందుకమ్మా, నిద్రమాత్ర రాసివ్వండి చాలు," అంది.

"నిద్రమాత్ర ఒక్కటి ఇచ్చి పంపితే ఆదివారం సంగతి వదిలేసినట్టవుతుంది," అంది డాక్టరమ్మ. ఆ మాట అంత నేరుగా అనేసరికి గదిలో అందరం ఉలిక్కిపడ్డాం, ఒక్క వాయా తప్ప. ఆమె మొహం మొదటిసారి కాస్త తేలికపడింది. దిగులు జబ్బు నిద్ర చెడటంతో మొదలవడం చాలా మామూలని, తెల్లవారుజామున మెలకువ వచ్చి మళ్ళీ నిద్ర పట్టకపోవడం దాని గుర్తుల్లో ఒకటని డాక్టరమ్మ చెప్పింది. నిద్ర పట్టకపోవడంతో దిగులు ముదురుతుంది, దిగులు ముదిరితే ఉన్న నిద్రా పోతుంది. రెండింటికీ కలిపే వైద్యం చేయాలి. కారణం అంటూ ఏదీ లేకపోయినా వస్తుంది, వచ్చిన మనిషి తప్పు కాదు, తగ్గుతుంది. ఇదంతా పావుగంటలో చెప్పింది. పావుగంటలో అర్థమయ్యే సంగతి రెండేళ్ళు మా కళ్ళ ముందు నోరు తెరుచుకుని కూర్చుంటే మేము వేళ్ళు మడుచుకుంటూ లెక్కపెట్టాం.

ఆమెను అక్కడే ఉంచుకున్నారు. బాప్తిస్మం ఆపేశారు. కూతురు వచ్చి బెంచీ మీద కూర్చుని, "నాకెందుకు చెప్పలేదమ్మా" అని గోడకి తల కొట్టుకుంది. అసిమీనా జుట్టు రంగు గంటన్నర ఎక్కువగా ఉండిపోయి చివర్లు నారలా విరిగిపోయాయి, మెడ దాకా కత్తిరించాల్సి వచ్చింది. అంత నోరున్న మనిషి ఒక్క మాట అనలేదు.

చలికాలమంతా మందులు, వారానికోసారి డాక్టరమ్మతో మాటలు. నిద్ర ఒక్కసారిగా రాలేదు. రెండుసార్లు వచ్చినట్టే వచ్చి పోయింది, అప్పుడు స్తెర్యోస్ మూడింటికి గడియారం పెట్టుకుని లేచి ఆమె పక్కన కూర్చునేవాడు. ఫిబ్రవరిలో ఒక రోజు పొద్దున ఏడింటికి నాకు ఫోను చేసి, "ఆరు గంటలు పడుకున్నా థోమై, ఆరు," అంది. నేను వంటగదిలో నించుని ఏడ్చాను. ఈస్టరు తర్వాత పిల్లకి బాప్తిస్మం చేశారు. నీళ్ళలో ముంచగానే పసిది గుక్కపట్టి ఏడిస్తే వాయా అందరికంటే ముందు దూకి తువ్వాలుతో అందుకుంది.

ఇప్పుడూ దిష్టి తీస్తుంది. ఆవులింతలు మాత్రం రావు, వస్తే ఒకటి. పాలమాస్ నుంచి వచ్చిన ఒకావిడ నా కుర్చీలో కూర్చుని, "వాయాలో మునుపటి పస లేదమ్మా. ఆ మందులు పాడుచేశాయి. అంతకుముందు ఎంత బాగుండేది!" అంది. సగం ఆరిన జుట్టుతోనే ఆవిణ్ణి బయటికి పంపించేశాను.

వాయా నా దుకాణానికి మళ్ళీ వచ్చింది జూన్‌లో. ఒళ్ళు కాస్త పట్టింది, కళ్ళ కింద నలుపు పోయింది. ఆ రోజు ఇంకెవరూ లేరు. నెలల తరబడి నా గొంతులో అడ్డుపడి ఉన్న మాట ఇక ఆపుకోలేకపోయాను.

"నాకొక్కటి అర్థం కాదే," అన్నాను, కోపంగానే. "ఇరవై రెండేళ్ళుగా నా చేతిలో తల పెడుతున్నావు. నీ కడుపులో ఉన్నదంతా ఒక ప్లాస్టిక్ తలకి చెప్పావు. నాకెందుకు చెప్పలేదే?"

"చెప్పాగా," అంది.

"ఎప్పుడు చెప్పావ్?"

"అంతకుముందు సెప్టెంబరులో. శనివారం, జనం కిటకిటలాడుతున్నారు. ఈ కుర్చీలోనే కూర్చున్నా. నువ్వు జుట్టు ఆరబెడుతున్నావు, మిషను హోరెత్తిపోతోంది. అద్దంలో నిన్నే చూస్తూ చెప్పా, 'థోమై, నాకు బతకాలని లేదే' అని." ఆమె గొంతులో నిష్ఠూరం లేదు, జరిగింది జరిగినట్టు చెబుతోంది. "నువ్వు నన్ను చూసి నవ్వావు. తలూపావు. 'అవునవును, ఇంకో అంగుళం తీసేద్దాం' అన్నావు. తీసేశావు."

కత్తెర నా చేతిలోంచి జారి నేల మీద పడింది. వాయా వంగి తీసి నాకందించింది.